మెయిల్ వస్తోంది, వెళ్లడం లేదు: ఈమెయిల్ సర్వర్‌లో పోర్టులు చేసే పని

సొంత మెయిల్ సర్వర్ పెట్టుకున్నవాళ్లకు మొదటి వారంలోనే ఒక ఇబ్బంది ఎదురవుతుంటుంది. బయటి నుంచి మెయిల్ చక్కగా వస్తుంది. జీమెయిల్ నుంచి పంపి చూస్తే కాసేపట్లోనే ఇన్‌బాక్స్‌లో కనిపిస్తుంది. ఇక్కడి నుంచి పంపిన మెయిల్ మాత్రం ఒక్కటీ అవతలికి చేరదు. పంపినవాళ్లకు ఏ ఎర్రర్ మెసేజూ రాదు, 'సెంట్' ఫోల్డర్‌లో మెయిల్ ఉన్నచోటే ఉంటుంది. సర్వర్ లాగ్ తెరిచి చూస్తే ప్రతి మెయిల్ పక్కనా ఒకటే మాట: కనెక్షన్ టైమ్డ్ అవుట్. ఫైర్‌వాల్‌లో 25వ పోర్టు తెరిచే ఉంది. మూసి మళ్లీ తెరిచినా, సర్వర్ రీస్టార్ట్ చేసినా మార్పు ఉండదు. కొత్త అడ్మిన్‌కు అసలు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

అతను తెరిచింది లోపలికి వచ్చే 25. మూసి ఉన్నది బయటికి వెళ్లే 25. దాన్ని మూసింది కూడా అతను కాదు, హోస్టింగ్ సంస్థ. అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లతో సహా చాలా హోస్టింగ్ సేవలు సాధారణంగా కొత్త ఖాతాలను బయటి సర్వర్ల 25వ పోర్టుకు కనెక్ట్ కానివ్వవు. అంకె ఒకటే అయినా రాకకు ఒక దారి, పోకకు ఇంకో దారి. ఒకదాన్ని ఎవరైనా తెరుచుకోవచ్చు, రెండోది అడిగి తెరిపించుకోవాలి.

ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలిస్తే మెయిల్ సర్వర్ సగం అర్థమైనట్టే. 25, 587, 465, 993 అని అంకెలు కంఠతా పట్టడం కష్టమేమీ కాదు. ఆ అంకె దగ్గర ఎవరు ఎవరిని నమ్ముతున్నారు, ఏ షరతు మీద నమ్ముతున్నారు అన్నదే అసలు విషయం. మెయిల్ సర్వర్లలో జరిగే పొరపాట్లలో చాలా భాగం ఒక పోర్టు షరతును ఇంకో పోర్టు దగ్గర అమలు చేయడం వల్ల వచ్చినవే.

ముందుగా పోర్టు గురించి కొంచెం. ఒకే యంత్రం మీద వెబ్‌సైట్, మెయిల్, డేటాబేస్ అన్నీ నడుస్తుంటాయి. నెట్‌వర్క్ నుంచి వచ్చిన ప్యాకెట్‌ను వీటిలో దేనికి అందించాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పేది పోర్టు నంబరు. అది 16 బిట్ల అంకె కాబట్టి 65535 దగ్గర ఆగిపోతుంది. లైనక్స్‌లో 1024 కంటే చిన్న పోర్టుల మీద కూర్చోవాలంటే మామూలుగా రూట్ అధికారం కావాలి. మెయిల్ పోర్టులు దాదాపు అన్నీ ఈ కింది వరుసలోనివే.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. మన సర్వర్ మెయిల్ పంపేటప్పుడు మన వైపు పోర్టు 25 కాదు, అవతలివైపు పోర్టు 25. మన వైపు ఆ క్షణానికి ఖాళీగా ఉన్న ఏదో ఒక పెద్ద అంకెను ఆపరేటింగ్ సిస్టమ్ కేటాయిస్తుంది. లైనక్స్‌లో ఎవరూ మార్చకపోతే అది 32768కీ 60999కీ మధ్య ఉంటుంది. అందుకే ఫైర్‌వాల్ నియమంలో 'సోర్స్ పోర్టు 25 అయితే వెళ్లనివ్వు' అని రాస్తే ఒక్క మెయిల్ కూడా కదలదు. రాయాల్సింది 'గమ్యం పోర్టు 25' అని. చిన్న మాటే, దాని మీద రాత్రంతా మేలుకున్నవాళ్లు ఉన్నారు.

25ను ఎందుకు మార్చలేం

వెబ్‌సైట్‌ను 8080 మీద నడుపుకోవచ్చు. రిమోట్‌గా లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌ను 22 నుంచి 2222కు జరుపుకోవచ్చు. బయటి ప్రపంచం నుంచి మెయిల్ అందుకునే పోర్టును మాత్రం ఎక్కడికీ జరపలేం. దీనికి కారణం డొమైన్ పేర్ల చిరునామాలు చెప్పే డీఎన్ఎస్‌లో ఉంది.

ఒక డొమైన్‌కు వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కు ఇవ్వాలో చెప్పేది ఎంఎక్స్ రికార్డు. 1986 జనవరిలో ఆర్ఎఫ్‌సీ 974 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దాని వాడకాన్ని వివరించింది. ఆ రికార్డులో రెండే వివరాలు పడతాయి: ప్రాధాన్యాన్ని చెప్పే ఒక అంకె, సర్వర్ పేరు. పోర్టు నంబరు రాయడానికి అందులో చోటే లేదు. పంపే సర్వర్‌కు పేరు దొరుకుతుంది, ఐపీ అడ్రస్ దొరుకుతుంది, ఏ పోర్టు తట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు. కాబట్టి అందరూ ముందే అనుకున్న అంకె ఒకటి ఉండాలి. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన ఆర్ఎఫ్‌సీ 821లో, మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే భాష ఎస్ఎంటీపీకి ఉన్న అంకె 25. నలభై ఏళ్లు దాటినా ప్రపంచంలోని మెయిల్ సర్వర్లన్నీ ఒకదానినొకటి పలకరించుకునేది ఆ పోర్టు మీదే.

ముఖ్యమైన షరతు కూడా ఇక్కడి నుంచే పుడుతుంది. 25 మీదికి వచ్చేది ముక్కూ మొహం తెలియని సర్వర్. దానికి మన దగ్గర ఖాతా ఉండదు, కాబట్టి పాస్‌వర్డ్ అడగడానికి లేదు. అడిగితే ప్రపంచంలో ఎవరూ మనకు మెయిల్ పంపలేరు. అంటే 25 అపరిచితుల కోసం తెరిచి ఉంచాల్సిన వీధి గుమ్మం. అక్కడ పెట్టగలిగిన గట్టి షరతు ఒక్కటే: ఉత్తరం ఈ ఇంట్లోవాళ్లకే అయి ఉండాలి.

ఆ షరతు ఎక్కడ పనిచేస్తుందో సంభాషణ లోపలికి వెళ్లి చూడొచ్చు. వరంగల్‌లో ఒక కాలేజీ సొంత సర్వర్ నడుపుతోందనుకుందాం. హైదరాబాద్‌లోని ఒక కంపెనీ సర్వర్ దాని 25వ పోర్టుకు కనెక్ట్ అయింది. ముందు మాట్లాడాల్సింది కంపెనీ సర్వర్ కాదు, కాలేజీ సర్వర్. 220 అనే అంకెతో తన పేరు చెబుతుంది. వచ్చినవాళ్లు ఆ పలకరింపు వినేదాకా ఆగాలన్నది ఎస్ఎంటీపీ మర్యాద. స్పామ్ పంపే ప్రోగ్రాములు చాలావాటికి ఆ ఓపిక ఉండదు, వచ్చీ రాగానే చెప్పాల్సింది చెప్పేస్తాయి. పోస్ట్‌ఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లోని పోస్ట్‌స్క్రీన్ అనే భాగం ఈ తొందరపాటునే పట్టుకుంటుంది. పలకరింపులో మొదటి ముక్క మాత్రం చెప్పి మామూలుగా 6 సెకన్లు ఆగుతుంది. ఆ లోపల నోరు విప్పినవాళ్లను బయటే నిలబెట్టవచ్చు. ఇంత చిన్న కిటుకుతో ఎంత చెత్త ఆగిపోతుందో లాగ్‌లో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

పలకరింపు అయ్యాక కంపెనీ సర్వర్ 'ఈహెచ్ఎల్ఓ' అని తన పేరు చెబుతుంది. కాలేజీ సర్వర్ తనకు ఏమేం చేతనవునో 250 అంకె ఉన్న వరుసల్లో జాబితా ఇస్తుంది: ఎంత పెద్ద మెయిల్ తీసుకుంటుంది, ఎన్‌క్రిప్షన్ వచ్చా, ఇంగ్లిష్ కాని అక్షరాలున్న అడ్రస్‌లు వచ్చా. ఆ తర్వాత 'మెయిల్ ఫ్రమ్' ఆదేశం, పంపేవారి అడ్రస్. దానికి 250. ఆ తర్వాత 'ఆర్‌సీపీటీ టూ', అందుకునేవారి అడ్రస్. తీర్పు జరిగేది ఈ వరుస దగ్గరే. అడ్రస్ కాలేజీ డొమైన్‌ది, ఆ పేరుతో మెయిల్‌బాక్స్ ఉంది: 250. డొమైన్ మనదే, ఆ పేరు మాత్రం లేదు: 550. డొమైనే మనది కాదు: 554, రిలే యాక్సెస్ డినైడ్. ఈ మూడో జవాబు రాకుండా అక్కడ కూడా 250 వచ్చిందంటే ఆ సర్వర్ ఓపెన్ రిలే అన్నమాట. ఎవరి ఉత్తరమైనా ఎవరికైనా మోసిపెడుతుంది. అది స్పామర్ల కంటపడటానికి ఎక్కువ సమయం పట్టదు.

అడ్రస్ ఒప్పుకున్నాక 'డేటా', దానికి 354 జవాబు. అప్పుడు ఉత్తరం మొత్తం వస్తుంది. ఒక వరుసలో ఒంటరిగా ఒక చుక్క పెడితే ఉత్తరం ముగిసినట్టు. కాలేజీ సర్వర్ చివరి 250 చెప్పిన క్షణంలో బాధ్యత చేతులు మారుతుంది. అప్పటిదాకా ఆ మెయిల్‌కు కంపెనీ సర్వర్ జవాబుదారీ, ఇక మీద కాలేజీ సర్వర్. కంపెనీ సర్వర్ తన క్యూలోంచి దాన్ని తీసేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, కనెక్షన్ తెగినా మెయిల్ ఎక్కడో గాల్లో కలిసిపోకపోవడానికి కారణం ఈ ఒక్క అంకె. ఆ ఒంటరి చుక్క విషయంలోనూ సర్వర్లన్నీ ఒకే మాట మీద ఉండాలి. వరుస ఎక్కడ ముగిసిందో ఒక సర్వర్ ఒకలా, ఇంకోటి ఇంకోలా లెక్కపెడితే ఒక ఉత్తరంలో ఇంకో ఉత్తరాన్ని దాచి పంపొచ్చని 2023 డిసెంబరులో బయటపడింది. ఎస్ఎంటీపీ స్మగ్లింగ్ అని పేరుపడ్డ ఆ లోపానికి చాలా సాఫ్ట్‌వేర్లు హడావుడిగా మరమ్మతు చేసుకోవాల్సి వచ్చింది.

ఇంట్లోవాళ్లకు వేరే గుమ్మం

మొదట్లో 25 ఒక్కటే ఉండేది. సర్వర్లు మాట్లాడుకునేదీ అక్కడే, మనుషులు తమ కంప్యూటర్ నుంచి మెయిల్ పంపేదీ అక్కడే. ఎవరి మెయిల్‌నైనా ముందుకు సాగనంపడం అప్పట్లో తప్పు కాదు, సాయం. నెట్‌వర్క్ చిన్నది, ఉన్నవాళ్లు ఒకరికొకరు తెలుసు. 1990ల నడుమ ఇంటర్నెట్ వ్యాపారానికి తెరుచుకున్నాక ఆ నమ్మకం నిలవలేదు. రిలేలు మూసేయాల్సి వచ్చింది. మూస్తే ఇంకో చిక్కు: ఇంటి నుంచి, ప్రయాణంలోంచి మెయిల్ పంపాల్సిన సొంత మనుషులు కూడా 25 దగ్గర అపరిచితుల్లాగే కనిపిస్తారు. వాళ్లు పంపేది బయటి అడ్రస్‌లకే కదా, 554 వాళ్లకూ తగులుతుంది.

1998 డిసెంబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2476 ఈ ముడిని విప్పింది. సొంత మనుషులు మెయిల్ అప్పగించడానికి 587 అనే వేరే పోర్టు కేటాయించింది. కొన్నాళ్లకే, 1999లో, ఎస్ఎంటీపీకి పాస్‌వర్డ్ అడిగే పద్ధతి కూడా ప్రమాణంగా వచ్చింది. 25 దగ్గర 'నువ్వెవరో నాకు తెలియదు, కానీ ఉత్తరం మావాళ్లకేనా' అన్న ప్రశ్న ఉంటుంది. 587 దగ్గర అది తిరగబడుతుంది: 'ఉత్తరం ఎవరికైనా సరే, నువ్వు మాత్రం మావాడివేనా'. భాష ఒకటే, ఆదేశాలు ఒకటే, షరతు మాత్రం పూర్తిగా తలకిందులు.

పనిలో ఇంకో తేడా కూడా ఉంది. 25 మీద వచ్చిన ఉత్తరాన్ని సర్వర్ వీలైనంతవరకు ముట్టుకోకూడదు, అది వేరేవాళ్లది. 587 మీద వచ్చింది సొంత మనిషి అప్పుడే రాసిన ఉత్తరం. తేదీ లేకపోతే చేర్చొచ్చు, మెసేజ్ ఐడీ పెట్టొచ్చు, మెయిల్ ఈ డొమైన్ నుంచే వచ్చిందని చెప్పే డీకిమ్ సంతకం వేయొచ్చు, ఫ్రమ్ అడ్రస్ నిజంగా ఆ మనిషిదేనా అని చూడొచ్చు. ఆ తర్వాత ఉత్తరం క్యూలోకి వెళ్తుంది, క్యూలోంచి అవతలి సర్వర్ 25కు బయల్దేరుతుంది. 587లో అప్పగించిన ప్రతి బయటి మెయిల్ చివరికి 25 మీదుగానే ఊరు దాటుతుంది. మొదట్లో చెప్పిన సర్వర్‌లో 'సెంట్' ఫోల్డర్ నిండుగా ఉండి మెయిల్ చేరకపోవడం ఇందుకే. మొదటి అంచె పూర్తయింది, రెండో అంచె తెగింది.

పోర్టులు విడిపోయాక ఇంటర్నెట్ కంపెనీలకూ ఒక వెసులుబాటు దొరికింది. ఇళ్లలోని కంప్యూటర్లకు 25తో పని లేదు, 587 చాలు. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్ మాత్రం నేరుగా ప్రపంచంలోని సర్వర్ల 25కు స్పామ్ గుమ్మరిస్తుంది. కాబట్టి ఇంటి కనెక్షన్ల నుంచి 25 మూసేస్తే మామూలు మనుషులకు నష్టం లేదు, స్పామర్లకు మాత్రం దారి పోతుంది. బ్రెజిల్ 2010ల మొదట్లో దేశమంతటా కంపెనీలను ఒప్పించి ఇదే పని చేసింది. స్పామ్ వెలువడే దేశాల జాబితాల్లో ముందు వరుసలో ఉండే ఆ దేశం తర్వాత బాగా కిందికి దిగింది. క్లౌడ్ సంస్థలు బయటికి వెళ్లే 25ను మూసి ఉంచడం వెనక ఉన్న లెక్క కూడా ఇదే. కొత్త అడ్మిన్‌కు అది వేధింపులా అనిపించినా, ఆ అడ్డు లేకపోతే పక్క ఖాతావాడి స్పామ్ వల్ల మొత్తం ఐపీ అడ్రస్‌ల వరుసే బ్లాక్‌లిస్టులోకి ఎక్కుతుంది. అడ్డు ఉండటమే మంచిది.

ఇప్పుడు ప్రమాదం 587 వైపు జరిగింది. ఓపెన్ రిలేలు అరుదైపోయాయి కాబట్టి స్పామర్లు పాస్‌వర్డ్‌ల వెంట పడ్డారు. ఒక ఉద్యోగి పాస్‌వర్డ్ దొరికితే చాలు, 587 మీద ఆ పేరుతో లాగిన్ అయి తెల్లవారేలోపు వేల మెయిళ్లు పంపేస్తారు. సర్వర్ దృష్టిలో అవన్నీ సొంత మనిషి రాసిన ఉత్తరాలే. అందుకే ఈ పోర్టు దగ్గర గంటకు ఇన్నే అన్న పరిమితి ఉండాలి. లాగ్‌లో ఏ ఖాతా ఏ ఐపీ నుంచి లాగిన్ అయిందో నిలిచి ఉండాలి. భారత్‌లో సంస్థలకు ఇది ఐచ్ఛికం కూడా కాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి.

465 పోయి మళ్లీ వచ్చిన కథ

587 పక్కనే 465 అనే అంకె కనిపిస్తుంది. రెండూ ఒకే పనికి ఎందుకు అని కొత్తవాళ్లు తికమకపడతారు. దాని చరిత్ర కూడా తికమకే. 1997లో ఎన్‌క్రిప్షన్‌తో మొదలయ్యే ఎస్ఎంటీపీ కోసం 465ను నమోదు చేశారు. ఏడాది తిరిగేలోపు ఆలోచన మారింది. ప్రతి సేవకూ మామూలు పోర్టొకటి, భద్రమైన పోర్టొకటి అంటూ పోతే అంకెలు వృథా, ఉన్న పోర్టు మీదే మాట్లాడుతూ మధ్యలో ఎన్‌క్రిప్షన్‌కు మారితే సరిపోతుందని ప్రమాణాలు రాసేవాళ్లు అనుకున్నారు. అలా వచ్చిందే స్టార్ట్‌టీఎల్ఎస్. 465 నమోదు రద్దయింది, ఆ అంకె తర్వాత మెయిల్‌తో సంబంధం లేని ఇంకో ప్రోటోకాల్‌కు కూడా వెళ్లింది. మెయిల్ సాఫ్ట్‌వేర్లు మాత్రం దాన్ని వదల్లేదు, ఇరవై ఏళ్లు అధికారిక గుర్తింపు లేకుండానే వాడుతూ వచ్చాయి. 2018 జనవరిలో ఆర్ఎఫ్‌సీ 8314 దానికి మళ్లీ హోదా ఇచ్చింది. పైగా కనెక్షన్ మొదలవడమే ఎన్‌క్రిప్షన్‌తో జరిగే 465కే మొగ్గు చూపింది.

ఆ మొగ్గు వెనక బలమైన కారణం ఉంది. స్టార్ట్‌టీఎల్ఎస్‌లో మొదటి కొన్ని మాటలు బట్టబయలుగా సాగుతాయి. 'నాకు ఎన్‌క్రిప్షన్ వచ్చు' అని సర్వర్ చెప్పే వరుస కూడా బయలుగానే వెళ్తుంది. దారిలో కూర్చున్నవాడు ఆ ఒక్క వరుసను చెరిపేస్తే, పట్టుబట్టని క్లయింట్ ఎన్‌క్రిప్షన్ లేదేమో అనుకుని మామూలుగా మాట్లాడేస్తుంది. దీనికి దుర్మార్గుడే అక్కర్లేదు. మెయిల్‌ను తనిఖీ చేస్తామంటూ మధ్యలో కూర్చున్న కొన్ని పాత ఫైర్‌వాల్‌లు తమకు అర్థం కాని పదాలను ఎక్స్ అక్షరాలతో కప్పేసేవి. లాగ్‌లో సర్వర్ జవాబు స్థానంలో వరుసగా ఎక్స్‌లు కనిపించేవి, మెయిల్ భద్రత చల్లగా పోయేది. ఇంకో రకం లోపాన్ని 2011లో పోస్ట్‌ఫిక్స్ సృష్టికర్త వీట్సా వెనెమా బయటపెట్టారు: స్టార్ట్‌టీఎల్ఎస్ మాట వెనకాలే బయలుగా చొప్పించిన ఆదేశాన్ని సర్వర్ ఎన్‌క్రిప్షన్ మొదలయ్యాక వచ్చినదానిగా పొరబడేది. పదేళ్ల తర్వాత, 2021లో, పరిశోధకులు వెతికితే ఈ మార్పిడి చుట్టూ రకరకాల సాఫ్ట్‌వేర్లలో 40కి పైగా లోపాలు దొరికాయి. 465లో అసలు ఆ మార్పిడే ఉండదు, కాబట్టి అక్కడ పొరబడే అవకాశమూ ఉండదు. కొత్తగా సెట్ చేసేవాళ్లు 465ను ముందు పెట్టి, పాత పరికరాల కోసం 587ను కూడా ఉంచడం మంచిది. 587 మీద ఎన్‌క్రిప్షన్ అయ్యేదాకా పాస్‌వర్డ్ అడగకుండా కట్టడి చేయాలి.

25కు ఈ సౌకర్యం లేదు. అక్కడ స్టార్ట్‌టీఎల్ఎస్ ఒక్కటే దిక్కు, అదీ వీలుంటేనే. ఎన్‌క్రిప్షన్ లేకపోతే తీసుకోనని 25 మీద పట్టుబడితే పాత సర్వర్ల మెయిల్ పోతుంది. ఈ బలహీనతను పూడ్చడానికి వేరే పోర్టుల సాయం తీసుకున్నారు. ఎంటీఏ-ఎస్‌టీఎస్‌లో, మా డొమైన్‌కు మెయిల్ ఇచ్చేటప్పుడు ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి అని డొమైన్ యజమాని ఒక చిన్న ఫైల్ వెబ్‌లో పెడతాడు. పంపే సర్వర్ దాన్ని 443 మీద, భద్రమైన వెబ్ దారిలో చదివి, ఆ తర్వాతే 25 తడుతుంది. డేన్ అనే పద్ధతిలో ఇదే మాట డీఎన్ఎస్‌లో సంతకంతో ఉంటుంది, అంటే 53. ఇలా 25 మీద జరిగే సంభాషణకు 443, 53 పూచీ పడుతున్నాయి.

53 ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. మెయిల్ సర్వర్‌కు బయటికి వెళ్లే 53 లేకపోతే ఊపిరి లేనట్టే. ఎంఎక్స్, ఎస్‌పీఎఫ్ (ఈ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా), డీకిమ్, వచ్చిన ఐపీకి పేరుందా అన్న పరీక్ష, బ్లాక్‌లిస్టు చూడటం, అన్నీ డీఎన్ఎస్ ప్రశ్నలే. 53 అనగానే చిన్న జవాబులకు వాడే యూడీపీ మాత్రమే తెరిచి, కనెక్షన్ పెట్టుకుని మాట్లాడే టీసీపీ మరిచిపోవడం మామూలు. పొడవైన డీకిమ్ కీ ఉన్న జవాబు యూడీపీలో పట్టనప్పుడు టీసీపీ కావాలి. ఇంకోటి, 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ (మన తరఫున డీఎన్ఎస్ జవాబులు వెతికే సర్వర్) ద్వారా అడిగితే స్పామ్‌హౌస్ బ్లాక్‌లిస్టు అసలు జవాబు ఇవ్వదు, ఎర్రర్‌ను సూచించే ఒక 127 వరుస అడ్రస్ ఇస్తుంది. ఏ జవాబు వచ్చినా 'బ్లాక్ చేయి' అని రాసిపెట్టుకున్న సర్వర్ ఆ రోజు నుంచి మంచివాళ్ల మెయిల్ కూడా తిప్పి పంపేస్తుంది. సొంత రిజాల్వర్ అదే యంత్రంలో నడుపుకోవడం మేలు.

తెలుగు అక్షరం 25 దాటడం

1982 నాటి ఎస్ఎంటీపీ 7 బిట్ల ఇంగ్లిష్ అక్షరాలకే ఒప్పుకుంది. అన్ని భాషల అక్షరాలనూ రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటీ 3 బైట్లు, 'తె' అన్న అక్షరంలో హల్లుకూ ఎత్వానికీ విడివిడిగా లెక్క కాబట్టి అది 6 బైట్లు. ఆ బైట్లేవీ 7 బిట్లలో పట్టవు. అందుకే తెలుగు ఉత్తరాన్ని బేస్64 వంటి పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలుగా మార్చి పంపేవారు, ఇప్పటికీ చాలా సాఫ్ట్‌వేర్లు అలాగే పంపుతాయి. దానివల్ల పరిమాణం మూడో వంతు పెరుగుతుంది. అవతలి సర్వర్ ఈహెచ్ఎల్ఓ జాబితాలో 8 బిట్లు వచ్చని చెబితే ఆ అవసరం తప్పుతుంది. అడ్రస్‌లోనే తెలుగు ఉంటే, .భారత్ డొమైన్ మీద తెలుగు పేరుతో మెయిల్ ఐడీ పెట్టుకుంటే, ఇంకో మెట్టు ఉంది: 2012లో వచ్చిన ఎస్ఎంటీపీయూటీఎఫ్8 అనే అదనపు సామర్థ్యం. దారిలో ఉన్న ప్రతి సర్వర్ 25 మీద ఆ మాట చెప్పాలి. ఒక్కటి చెప్పకపోయినా ఆ ఉత్తరం అక్కడి నుంచే వెనక్కి వస్తుంది. తెలుగు మెయిల్ ఐడీలు ఉన్నా వాడుకలోకి సరిగ్గా రాకపోవడానికి ఇది ఒక పెద్ద కారణం. సర్వర్ నడిపే తెలుగువాళ్లు కనీసం తమ 25 దగ్గరైనా ఈ సామర్థ్యాన్ని ఆన్ చేసి ఉంచాలి.

చదువుకునే పోర్టుల సంగతి తేలిక. వచ్చిన మెయిల్ మెయిల్‌బాక్స్‌లో పడ్డాక దాన్ని ఫోన్‌కో కంప్యూటర్‌కో చూపించేవి పాప్, ఐమ్యాప్. పాప్‌కు 110, దాని భద్రమైన రూపానికి 995. ఐమ్యాప్‌కు 143, భద్రమైన రూపానికి 993. పాప్ సాధారణంగా దించుకుని వెళ్లిపోయే పద్ధతి, ఐమ్యాప్ మెయిల్‌ను సర్వర్‌లోనే ఉంచి అన్ని పరికరాల్లోనూ ఒకేలా చూపిస్తుంది. ఇవాళ కొత్త సర్వర్‌కు 993 ఒక్కటి చాలు. 110, 143 బయటికి తెరవాల్సిన అవసరం దాదాపు లేదు.

993 దగ్గర ఒక విశేషం ఉంది. 25 మీద కనెక్షన్ సెకన్లలో ముగిసిపోతుంది, 993 మీద గంటల తరబడి నిలబడుతుంది. ఐడిల్ అనే ఆదేశంతో ఫోన్ 'కొత్తది వస్తే చెప్పు' అని ఆ లైన్ పట్టుకుని కూర్చుంటుంది. సర్వర్ విసుగెత్తి తెంపేయకుండా కనీసం 29 నిమిషాలకోసారి ఆ మాట మళ్లీ చెప్పాలని ప్రమాణం సూచిస్తుంది. మధ్యలోని రౌటర్లు అంతసేపు కూడా ఆగకపోవచ్చు. లైన్ నిశ్శబ్దంగా ఉందని వాటి పట్టికలోంచి తీసేస్తాయి, ఫోన్‌కు ఆ సంగతి తెలియదు. 'ఆఫీసు వైఫైలో ఉన్నప్పుడే మెయిల్ ఆలస్యంగా వస్తోంది' అన్న ఫిర్యాదు వెనక తరచూ ఉండేది ఇదే.

లోపలి పోర్టులు

బయటికి కనిపించనివి ఇంకా కొన్ని ఉంటాయి. స్పామ్ పరీక్షించే ఆర్‌స్పామ్‌డీ 11332 నుంచి 11334 వరకు, మెయిల్‌ను ఇలాంటి పరీక్షలకు పంపే అమావిస్ 10024, వైరస్ వెతికే క్లామ్ఏవీ 3310 వాడుతుంటాయి. ఇవి తమలో తాము మాట్లాడుకోవడానికే. 127.0.0.1 (యంత్రం తనతో తాను మాట్లాడుకునే అడ్రస్) మీద మాత్రమే వినాలి, లేదా యూనిక్స్ సాకెట్ల మీద నడవాలి. పరీక్ష పూర్తయిన మెయిల్‌ను పోస్ట్‌ఫిక్స్ తిరిగి అందుకునే 10025 లాంటి పోర్టు దగ్గర ఏ షరతూ ఉండదు, అన్నీ ముందే చూసేశారు కాబట్టి. అది బయటికి తెరుచుకుంటే నేరుగా ఓపెన్ రిలే అయినట్టే.

ఈ విషయంలో, ప్రోగ్రాములను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే డాకర్ వాడేవాళ్లు రెండింతలు జాగ్రత్తపడాలి. డాకర్ తెరిచిన పోర్టు ఉబుంటులోని యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ నియమాలను దాటుకుని బయటికి తెరుచుకుంటుంది. యూఎఫ్‌డబ్ల్యూ మూసి ఉందని చూపిస్తూనే ఉంటుంది. ఇంతకంటే ప్రమాదకరమైనది ఇంకోటి. కొన్ని అమరికల్లో, ముఖ్యంగా ఐపీవీ6లో వచ్చిన కనెక్షన్‌ను ఐపీవీ4 మాత్రమే ఉన్న కంటైనర్‌లోకి పంపినప్పుడు, బయటి నుంచి వచ్చినవాళ్లంతా కంటైనర్ లోపలి సర్వర్‌కు డాకర్ గేట్‌వే అడ్రస్‌తోనే కనిపిస్తారు. 'లోపలి నెట్‌వర్క్ వాళ్లను పాస్‌వర్డ్ లేకుండా నమ్ము' అని పోస్ట్‌ఫిక్స్‌లో రాసి ఉంటే ప్రపంచమంతా లోపలివాళ్లే అయిపోతుంది. ఎవరూ ఏ తప్పూ చేసినట్టు కనిపించదు, తెల్లారేసరికి క్యూ నిండా స్పామ్ ఉంటుంది. 25 దగ్గర అడ్రస్ చూసి నమ్మే జాబితా ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది. ప్రింటర్ అయినా సరే, 587కు వచ్చి పాస్‌వర్డ్ చెప్పాలి.

ఎర్రర్ ఏం చెబుతోంది

పోర్టు సమస్య వచ్చినప్పుడు ముందు చూడాల్సింది ఎర్రర్ మాటను. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే చాలావరకు యంత్రం దాకా చేరాం, ఆ పోర్టు మీద ఎవరూ వినడం లేదు: సేవ ఆగిపోయిందో, 127.0.0.1 మీద మాత్రమే వింటోందో చూడాలి. 'టైమ్డ్ అవుట్' అంటే మధ్యలో ఎవరో ప్యాకెట్‌ను జవాబు చెప్పకుండా మింగేస్తున్నారు: ఫైర్‌వాల్, హోస్టింగ్ సంస్థ, ఇంటర్నెట్ కంపెనీ. 220 వచ్చాక ఆగితే పోర్టు తప్పు కాదు, వెతకాల్సింది సర్వర్ నియమాల్లో. 465కు కనెక్ట్ అయి ఏమీ కనిపించక ఖాళీగా ఉంటే క్లయింట్‌లో స్టార్ట్‌టీఎల్ఎస్ ఎంచుకున్నారేమో చూడాలి. అక్కడ సర్వర్ ఎన్‌క్రిప్షన్ పలకరింపు కోసం, క్లయింట్ 220 కోసం, ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తుంటారు.

ఎక్కడి నుంచి పరీక్షిస్తున్నామన్నది కూడా ముఖ్యం. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ నుంచి సర్వర్ 25ను తట్టి 'టైమ్డ్ అవుట్' చూసి, సర్వర్ మూసి ఉందని కంగారుపడేవాళ్లు ఎక్కువ. మూసింది ఇంటి కనెక్షన్ కంపెనీ అయి ఉండొచ్చు. 25ను ఇంకో సర్వర్ నుంచి, 587ను, 465ను, 993ను ఇంటి నుంచి పరీక్షించాలి.

మొదట చెప్పిన సర్వర్‌కు రెండు మార్గాలున్నాయి. హోస్టింగ్ సంస్థకు రాసి బయటికి వెళ్లే 25 తెరిపించుకోవడం ఒకటి. కొన్ని సంస్థలు కారణం అడిగి తెరుస్తాయి, కొన్ని తెరవవు. రెండోది, బయటికి వెళ్లే మెయిల్ మొత్తాన్ని ఒక రిలే సేవకు 587 మీద పాస్‌వర్డ్‌తో అప్పగించడం. అప్పుడు మన సర్వరే ఇంకొకరికి సొంత మనిషి అవుతుంది, 25 మీద బయటికి వెళ్లే భారం వాళ్లది. పోస్ట్‌ఫిక్స్‌లో రిలేహోస్ట్ వరుసలో ఆ సేవ పేరును చదరపు బ్రాకెట్లలో పెట్టి, పక్కన కోలన్, 587 రాయాలి. బ్రాకెట్లు మరిచిపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకు ఎంఎక్స్ వెతికి వేరే యంత్రం దగ్గరికి వెళ్లే ప్రమాదం ఉంది. ఎస్‌పీఎఫ్ రికార్డులో ఆ సేవను చేర్చడం కూడా అదే రోజు చేయాలి.

క్యూలో అప్పటిదాకా చిక్కుకున్న మెయిళ్లు ఆ మార్పు తర్వాత వాటంతట అవే కదులుతాయి, కాకపోతే వెంటనే కాదు. పోస్ట్‌ఫిక్స్ మళ్లీ మళ్లీ ప్రయత్నించే వ్యవధిని పెంచుకుంటూ మామూలుగా 4000 సెకన్ల దాకా, అంటే గంటకు పైగా తీసుకెళ్తుంది. ఆగలేకపోతే పోస్ట్‌క్యూ ఆదేశంతో అన్నింటినీ ఒకేసారి తరమొచ్చు. ఏమీ చేయకుండా వదిలేస్తే మాత్రం మామూలు అమరికలో 5 రోజులు గడిచాకే పంపినవాళ్లకు బౌన్స్ వస్తుంది. ఆ 5 రోజులూ 'సెంట్' ఫోల్డర్ చూసుకుని మెయిల్ చేరిందనే వాళ్లు అనుకుంటారు. ఆలస్యమైతే 4 గంటలకే పంపినవాళ్లకు కబురు వెళ్లేలా 'డిలే వార్నింగ్ టైమ్'ను 4 గంటలుగా మార్చిపెట్టడం ఒక్క వరుస పని. మామూలుగా అది సున్నా, అంటే ఆపేసి ఉంటుంది.